చలన గ్రాఫులు చదవడం ఎలా: త్వరణం దగ్గర తడబడకుండా

పైకి విసిరిన బంతిని ఒకసారి ఊహించుకోండి. నిట్టనిలువుగా వెళ్తుంది, వెళ్లేకొద్దీ నెమ్మదిస్తుంది, చిట్టచివర ఒక్క క్షణం ఇక పైకీ లేదు కిందికీ లేదు అన్నట్టయి అక్కడి నుంచి కిందికి మళ్లుతుంది. ఆ పైకొసన ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత? సున్నా అని నోటిదాకా వచ్చిందంటే ఇది మీకోసమే రాశాను. సూత్రాలన్నీ కంఠతా వచ్చి లెక్కలు చకచకా చేసేవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ సున్నా అనే అనుకున్నాను. సరైన జవాబు 9.8 మీ/సె², కిందివైపు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, చెయ్యి వదిలిన క్షణం నుంచి తిరిగి చేతిలో పడేదాకా అదే అంకె, మధ్యలో ఎక్కడా మారదు. ఎందుకు మారదో సూత్రం నోటికొచ్చినంత మాత్రాన తెలియదు, గ్రాఫు గీస్తే కళ్లకు కనబడుతుంది. అందుకే త్వరణాన్ని గ్రాఫుల మీదుగానే నేర్చుకోమని అందరికీ చెబుతుంటాను. బంతి దగ్గరికి మళ్లీ వద్దాం, ముందు కొంత సామాను సర్దుకోవాలి.

మాట దగ్గరే మొదటి చిక్కు

త్వరణం అనగానే మన చెవికి "త్వరగా" అని వినిపిస్తుంది. దాంతో, త్వరగా పోతున్న బండికి త్వరణం ఎక్కువ అని మనసు తీర్మానించేస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఒకే దిశలో, ఒకే తీరుగా పోతున్న విమానానికి త్వరణం సున్నా. ఇప్పుడే కదలడం మొదలైన సైకిలుకు మాత్రం త్వరణం ఉంది, అది ఇంకా నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతున్నా సరే. "త్వరగా పోవడం" కాదు, "త్వరపడటం" అని గుర్తుపెట్టుకుంటే అసలు అర్థానికి దగ్గరగా ఉంటుంది: ఉన్న వేగం మారుతోందా, ఎంత చురుగ్గా మారుతోంది అన్నదే ప్రశ్న.

ఇంకో చిక్కు వేగం అన్న మాటతో. మామూలు మాటల్లో వేగం అంటే స్పీడే. పాఠ్యపుస్తకాల్లో స్పీడుకు వడి అని వేరే మాట ఉంది, వేగం అంటే వడితోపాటు దిశ కూడా. ఈ తేడాను ఒక మార్కు ప్రశ్నగా చదివి వదిలేస్తాం కానీ గ్రాఫుల్లో అది ప్రతి గీతలోనూ ఎదురవుతుంది. ఒకే సరళరేఖ మీద కదిలే వస్తువుకు దిశ అంటే ప్లస్, మైనస్ గుర్తే. సెకనుకు మైనస్ 3 మీటర్లు అంటే సున్నా కంటే తక్కువ స్పీడని కాదు, మనం ప్లస్ అని పెట్టుకున్న వైపుకు ఎదురుదిక్కున సెకనుకు 3 మీటర్లు పోతోందని.

ప్రమాణాన్ని కూడా ఒకసారి నోరారా చదవండి. త్వరణం 2 మీ/సె² అంటే, గడిచే ప్రతి సెకనుకూ వేగంలో "సెకనుకు 2 మీటర్లు" చేరుతోందని. మొదట్లో 5 ఉంటే ఒక సెకను తర్వాత 7, ఇంకో సెకనుకు 9. ఆ వర్గపు సెకను దగ్గర చాలామంది జడుసుకుంటారు కానీ అందులో ఉన్నది ఇంతే.

ముందు నిలువు అక్షం చూడండి, ఆ తర్వాతే గీత

గ్రాఫు కనబడగానే కన్ను గీత మీదికి పోతుంది. దాన్ని ఆపాలి. అరచేత్తో గీతను మూసేసి నిలువు అక్షం మీద ఏం రాసి ఉందో ముందు చదవండి: స్థానమా, వేగమా, త్వరణమా? ఒకే ఆకారం గీత ఈ మూడింటిలో మూడు వేర్వేరు కథలు చెబుతుంది. అడ్డంగా చదునుగా ఉన్న గీతనే తీసుకోండి. నిలువు అక్షం మీద స్థానం ఉంటే వస్తువు కదలకుండా నిలబడి ఉంది. వేగం ఉంటే ఒకే వేగంతో సాగిపోతోంది. త్వరణం ఉంటే దాని వేగం ప్రతి సెకనుకూ ఒకే మొత్తంలో మారుతోంది.

ఇంతకంటే లోతుగా పాతుకుపోయిన తప్పు ఒకటుంది, గ్రాఫును బొమ్మలా చూడటం. గీత పైకి లేచి కిందికి దిగితే వస్తువు కొండెక్కి దిగిందని అనుకోవడం. అడ్డంగా ఉన్నది కాలం అన్న సంగతి ఆ క్షణంలో మనసు మర్చిపోతుంది. 1994లో రాబర్ట్ బైక్నర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు చలన గ్రాఫులు ఎంతవరకు అర్థమయ్యాయో కొలవడానికే ఒక పరీక్ష తయారుచేసి ప్రచురించాడు, అందులో బయటపడ్డ తప్పుల్లో ఇదొకటి, గీత ఎత్తునూ వాలునూ కలగాపులగం చేసుకోవడం ఇంకొకటి. కాబట్టి మీరు తడబడుతున్నారంటే అది మీ ఒక్కరి బలహీనతేం కాదు, దానికి మందు కూడా ఉంది.

నాకు బాగా పనిచేసిన మందు రెండు వేళ్ల పద్ధతి. ఎడమచేతి చూపుడువేలును గీత మొదట్లో పెట్టండి. కుడిచేతి చూపుడువేలు బల్ల అంచు మీద ఉంచండి, అదే కదిలే వస్తువు. ఎడమవేలు గీత వెంబడి కుడివైపుకు మెల్లగా జరుగుతుంటే, ఆ క్షణంలో వస్తువు ఏం చేస్తోందో కుడివేలు బల్ల అంచు మీద చేసి చూపించాలి, నోటితో కూడా చెప్పాలి. మొదటిసారి చేతులు మొండికేస్తాయి. ఎక్కడ ఆగిపోయాయో అక్కడే మీకు అర్థం కానిది ఉందన్నమాట, ఆ చోటును పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి.

ఒక చిన్న నడకతో మొదలుపెడదాం. పొడవాటి వరండా, తలుపున్న చోటు సున్నా. తలుపు దగ్గర బయల్దేరి 4 సెకన్లలో 6 మీటర్లు నడిచారు, 3 సెకన్లు నిలబడ్డారు, ఏదో మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కి తిరిగి 2 సెకన్లలో 4 మీటర్లు గబగబా వచ్చారు. స్థానం-కాలం గ్రాఫులో ఇది పైకి ఎక్కే గీత, తర్వాత చదును, తర్వాత మరింత నిటారుగా కిందికి దిగే గీత. గీత ఎంత ఎత్తు మారిందో దాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేదే వాలు, స్థానం-కాలం గ్రాఫులో అదే వేగం. ఎక్కే గీత వాలు 6 బై 4, అంటే సెకనుకు 1.5 మీటర్లు. చదునుకు వాలు సున్నా. దిగే గీత వాలు మైనస్ 4 బై 2, అంటే సెకనుకు మైనస్ 2 మీటర్లు. ఇప్పుడు దీని కిందే వేగం-కాలం గ్రాఫు గీయండి: 4 సెకన్లపాటు 1.5 ఎత్తున చదును గీత, 3 సెకన్లు సున్నా మీద, చివరి 2 సెకన్లు అక్షానికి కింద మైనస్ 2 దగ్గర. పై గ్రాఫుతో దీనికి పోలికే లేదు. అదే నడక, అదే మనిషి. ఈ రెండు గ్రాఫులనూ పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి, కాలం గీతలు సరిగ్గా కలిసేలా గీయడం అలవాటు చేసుకోండి, నేను చెప్పే వాటిలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించమంటాను.

వంపు గీత మీద వాలు

గీత నేరుగా ఉన్నంతసేపు వాలు తీయడం సులువు. వంపు తిరిగితే వాలు క్షణక్షణానికీ మారుతుంది, అంటే వేగం మారుతోంది, అంటే త్వరణం ఉంది. దీన్ని చదివి వదిలేయకుండా ఒకసారి మీ చేత్తో కొలవండి. రెండు మీటర్ల పొడవున్న నున్నటి పలకకు ఒక చివర ఏడు సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి, పక్కన కొలత టేపు పరచండి, గట్టి గోళీనో ఇనుప గుండునో పైనుంచి నెట్టకుండా ఊరికే వదలండి, ఫోనుతో పక్కనుంచి వీడియో తీయండి. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనైతే ప్రతి 30 ఫ్రేములకు ఒకసారి ఆపి గుండు ఎక్కడుందో రాసుకోండి. ఘర్షణ వల్ల జారకుండా, దొర్లుతూ వస్తే లెక్కప్రకారం 1 సెకనుకు 12 సెంటీమీటర్లు, 2 సెకన్లకు 48, 3 సెకన్లకు 108, 4 సెకన్లకు 192 దగ్గరగా రావాలి. మీ అంకెలు ఇంత నున్నగా రావు, అది మామూలే.

ఈ అంకెల్లో ఏముందో చూడండి. మొదటి సెకనులో గుండు పోయింది 12, రెండో సెకనులో 36, మూడో దానిలో 60, నాలుగో దానిలో 84. పన్నెండుతో భాగిస్తే 1, 3, 5, 7. వాలు పలకల మీద గుండ్లు దొర్లించి, పాత్రలోంచి కారే నీటిని తూచి కాలం కొలుచుకున్న గెలీలియో పట్టుకున్న వరుస ఇదే, 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అంత పాత పరికరాలతో ఆయన చూసిన దాన్ని ఈరోజు ఫోను కెమెరాలో మళ్లీ చూడగలగడం నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

ఇక తప్పు జరిగే చోటు. 2 సెకన్ల దగ్గర గుండు వేగం ఎంత? స్థానం 48, కాలం 2, భాగిస్తే 24 అని చాలామంది రాస్తారు. 24 అనేది ఆ రెండు సెకన్ల సగటు, ఆ క్షణంలో వేగం కాదు. మొదట్లో గుండు కదలకుండా ఉంది, క్రమంగా పుంజుకుంది, కాబట్టి రెండు సెకన్లు నిండేసరికి సగటు కంటే ఎక్కువ వేగంతోనే ఉండాలి. ఆ క్షణం వేగం కావాలంటే స్పర్శరేఖ, అంటే వంపు గీతను ఆ బిందువు దగ్గర తాకుతూ పోయే సరళరేఖ, గీయాలి. స్కేలును వంపు గీత మీద 2 సెకన్ల బిందువు దగ్గర తాకించండి, ఆ బిందువుకు అటూ ఇటూ గీతకూ స్కేలుకూ మధ్య సందు ఒకేలా కనబడేదాకా తిప్పండి, అప్పుడు పెన్సిలుతో పొడవుగా, పేజీ పొడవునా గీయండి. ఈ గ్రాఫులో ఆ రేఖ 1 సెకను దగ్గర అడ్డ అక్షాన్ని తాకుతుంది, 4 సెకన్ల దగ్గర 144 ఎత్తుకు చేరుతుంది. 144ను 3తో భాగిస్తే సెకనుకు 48 సెంటీమీటర్లు. వాలు కోసం ఎంచుకునే రెండు బిందువులూ స్పర్శరేఖ మీదివే కావాలి, వంపు గీత మీదివి కాదు, పైగా అవి దూరదూరంగా ఉండాలి, దగ్గరగా తీసుకుంటే పెన్సిలు మందం కూడా జవాబును పాడుచేస్తుంది.

స్పర్శరేఖలు గీయడం విసుగనిపిస్తే ఇంకో దారి ఉంది. ఒక్కో సెకనులో పోయిన దూరమే ఆ సెకను సగటు వేగం: 12, 36, 60, 84. త్వరణం మారనప్పుడు ఆ సగటు సరిగ్గా ఆ సెకను నడిమధ్యలోని వేగంతో సమానం. అంటే 0.5, 1.5, 2.5, 3.5 సెకన్ల దగ్గర ఈ అంకెలు పెట్టాలి, 1, 2, 3, 4 దగ్గర కాదు. కలిపితే మూలబిందువు నుంచి వెళ్లే సరళరేఖ వస్తుంది, దాని వాలు 24 సెం.మీ/సె². అదే త్వరణం. స్థానం గ్రాఫు వంపుగా ఉంది, వేగం గ్రాఫు వాలుగా నేరుగా ఉంది, త్వరణం గ్రాఫు 24 దగ్గర చదును. ఈ మూడు ఆకారాలనూ కలిపి ఒకసారి చేత్తో గీస్తే ఇక మర్చిపోరు.

గీత కింద వైశాల్యం

ఒకదాని కింద ఒకటి గీసిన స్థానం, వేగం, త్వరణం గ్రాఫుల్లో పైదాని నుంచి కిందిదానికి దిగడానికి వాలు, కిందిదాని నుంచి పైదానికి ఎక్కడానికి వైశాల్యం. వేగం-కాలం గ్రాఫులో గీతకూ కాలం అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యమే స్థానభ్రంశం, అంటే స్థానంలో వచ్చిన మొత్తం మార్పు. వైశాల్యం అంటే చదరపు మీటర్లు కదా, మీటర్లు ఎలా వస్తాయి అని అడిగేవాళ్లుంటారు, అది మంచి ప్రశ్న. ఇక్కడ దీర్ఘచతురస్రం ఒక భుజం "సెకనుకు ఇన్ని మీటర్లు", ఇంకో భుజం "ఇన్ని సెకన్లు", గుణిస్తే సెకన్లు కొట్టుకుపోయి మీటర్లు మిగులుతాయి. 14వ శతాబ్దంలోనే ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరేమ్ కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా గీసి, ఆ బొమ్మ వైశాల్యంతో దూరాన్ని చూపించాడు. కలన గణితం పుట్టడానికి మూడు వందల ఏళ్ల ముందు సంగతి.

ఒక రైలు ఆగి ఉన్న చోటు నుంచి కదిలి 8 సెకన్లలో సెకనుకు 12 మీటర్ల వేగం అందుకుంది, 20 సెకన్లు అదే వేగంతో పోయింది, బ్రేకు వేస్తే 6 సెకన్లలో ఆగింది. గ్రాఫు గీస్తే ఒక త్రిభుజం, ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ ఒక త్రిభుజం. 48, 240, 36, మొత్తం 324 మీటర్లు. సూత్రం ఒక్కటి కూడా అవసరం పడలేదు. త్వరణాలు కావాలంటే వాలులు చూడండి: 1.5, సున్నా, మైనస్ 2.

అసలు చలన సమీకరణాలు పుట్టింది కూడా ఇక్కడే. తొలి వేగం ఉండి, అది ఒకే తీరుగా పెరుగుతుంటే గీత కింద ఒక దీర్ఘచతురస్రం, దాని మీద ఒక త్రిభుజం ఏర్పడతాయి. దీర్ఘచతురస్రం అంటే తొలి వేగాన్ని కాలంతో గుణించడం. త్రిభుజం ఎత్తు త్వరణం ఇంటు కాలం, దాన్ని మళ్లీ కాలంతో గుణించి సగం చేయాలి. s = ut + ½at² అనే సూత్రంలోని ఆ "సగం" ఎక్కడి నుంచి వచ్చిందో ఏళ్ల తరబడి తెలియకుండానే వాడేవాళ్లున్నారు, అది త్రిభుజంలోని సగం. వేగం గీత వంపు తిరిగిన చోట ఆ త్రిభుజం ఉండదు, కాబట్టి సూత్రం కూడా పనిచేయదు. సమీకరణాలను గ్రాఫుల కంటే ముందు నేర్పడం వల్లే ఈ షరతు విద్యార్థుల మనసుకు ఎక్కడంలేదని నా గట్టి అభిప్రాయం.

అక్షానికి కింద ఉన్న వైశాల్యాన్ని మైనస్‌గా తీసుకోవాలి. వరండా నడకలో పైన 6, కింద 4, కాబట్టి స్థానభ్రంశం 2 మీటర్లు. నడిచిన మొత్తం దూరం కావాలంటే గుర్తులు వదిలేసి కలపండి, 10 మీటర్లు. ఇంకో సంగతి, వైశాల్యం ఇచ్చేది మార్పును మాత్రమే. త్వరణం-కాలం గ్రాఫు కింద వైశాల్యం 20 వచ్చిందంటే వేగం 20 అయిందని కాదు, ఉన్న వేగానికి 20 చేరిందని. తొలి వేగం ఎంతో ప్రశ్నలో వెతుక్కోవాలి.

మైనస్ త్వరణం అంటే స్పీడు తగ్గడం కాదు

రుణ త్వరణం అంటే వేగం తగ్గడం అని ఎక్కడో ఒక చోట అందరం చదివే ఉంటాం. సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. గుర్తు చెప్పేది దిశ మాత్రమే. స్పీడు పెరుగుతోందా తగ్గుతోందా తెలియాలంటే త్వరణం గుర్తును వేగం గుర్తు పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటే అయితే స్పీడు పెరుగుతోంది, ఎదురెదురు అయితే తగ్గుతోంది. పైవైపును ప్లస్ అనుకుంటే కిందికి పడుతున్న రాయికి వేగం మైనస్, త్వరణమూ మైనస్, స్పీడు మాత్రం పెరుగుతూనే ఉంది. వేగం-కాలం గ్రాఫులో దీన్ని ఇంకా తేలిగ్గా చూడొచ్చు: గీత అక్షానికి దూరంగా పోతుంటే స్పీడు పెరుగుతోంది, అక్షం వైపు వస్తుంటే తగ్గుతోంది, అది పైనున్నా కిందున్నా.

నిజమైన అంకెలతో ఒకటి చూద్దాం. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. ప్రతి 20 మీటర్లకూ పట్టిన సమయాలు వరుసగా 2.89, 1.75, 1.67, 1.61, 1.66 సెకన్లు. ఒక్కొక్కదానితో 20ని భాగించండి: సెకనుకు దాదాపు 6.9, 11.4, 12.0, 12.4, చివరికి 12.0 మీటర్లు. మొదటి ముక్కలో ఆయన మిగతా ముక్కలన్నిటికంటే నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాడు కానీ త్వరణం అంతా దాదాపు అక్కడే ఉంది. నాలుగో ముక్కలో వేగం అన్నిటికంటే ఎక్కువ, త్వరణం మాత్రం సున్నా దగ్గరికి వచ్చేసింది. చివరి 20 మీటర్లలో వేగం ప్లస్సే, త్వరణం మైనస్. ప్రపంచ రికార్డు బద్దలవుతున్న ఆ ఆఖరి క్షణాల్లో ఆయన నెమ్మదిస్తున్నాడు! వేగం వేరు, త్వరణం వేరు అని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఈ ఐదు అంకెలనూ కాగితం మీద పెట్టి గీసి చూడండి, పది నిమిషాల పని.

ఇప్పుడు బంతి

కాగితాన్ని అడ్డంగా మూడు వరుసలు చేయండి. పైన స్థానం, మధ్యలో వేగం, కింద త్వరణం, మూడింటికీ 0 నుంచి 4 సెకన్ల వరకు ఒకే కాలం కొలత. బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరామనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది.

మధ్య వరుస నుంచి మొదలుపెట్టండి. ప్రతి సెకనుకూ వేగంలోంచి 9.8 పోతుంది: 19.6, 9.8, 0, మైనస్ 9.8, మైనస్ 19.6. ఈ ఐదు బిందువులనూ స్కేలుతో కలపండి. ఒకే సరళరేఖ, ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి, 2 సెకన్ల దగ్గర అక్షాన్ని దాటుకుంటూ పోతుంది. దాటే చోట పెన్సిలు ఆగిందా? వంగిందా? లేదు. ఆ బిందువు దగ్గర గీత ఎత్తు సున్నా, వాలు మాత్రం అటూ ఇటూ ఎంత ఉందో అక్కడా అంతే, మైనస్ 9.8. ఎత్తు వేగం, వాలు త్వరణం. "పైకొసన త్వరణం సున్నా" అన్నప్పుడు మనం వాలు అడిగితే ఎత్తు చదివి చెప్పాం, అంతే జరిగింది.

పై వరుసలో స్థానాలు 0, 14.7, 19.6, 14.7, 0. నున్నటి వంపుతో కలిపితే 2 సెకన్ల దగ్గర శిఖరం, అక్కడ స్పర్శరేఖ చదును. కింది వరుసలో మైనస్ 9.8 దగ్గర ఒక్క చదును గీత. ఇంకా అనుమానంగా ఉంటే ఇలా ఆలోచించండి: పైకొసన వేగమూ సున్నా అయి త్వరణమూ సున్నాగానే ఉండిపోతే, వేగం మారడానికి కారణం లేదు, బంతి గాల్లో అలాగే నిలిచిపోవాలి. కిందికి వస్తోందంటేనే త్వరణం ఉన్నట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పై వరుసలోని వంపు గీత బంతి పోయిన దారి కాదు. బంతి నిట్టనిలువుగా వెళ్లి నిట్టనిలువుగానే దిగింది. వంపు వచ్చింది కాలాన్ని అడ్డంగా పరిచినందువల్ల.

రెండు గీతలు కలిసిన చోట

పరీక్షల్లో తరచూ వచ్చే ఉచ్చు ఇది. ఒకే చోట, ఒకే క్షణంలో మొదలైన రెండు బండ్లు. మొదటిది సెకనుకు 10 మీటర్ల స్థిరవేగంతో పోతోంది. రెండోది నిలబడ్డ చోటు నుంచి 2 మీ/సె² త్వరణంతో బయల్దేరింది. వేగం-కాలం గ్రాఫులో రెండు గీతలూ 5 సెకన్ల దగ్గర కలుస్తాయి. అక్కడ రెండో బండి మొదటిదాన్ని అందుకుందని రాసేస్తారు. వైశాల్యాలు చూడండి: మొదటి బండి 50 మీటర్లు పోయింది, రెండోది త్రిభుజం కాబట్టి 25 మాత్రమే. అందుకోవడం అటుంచి, రెండు బండ్ల మధ్య ఎడం అత్యధికంగా ఉన్న క్షణం అదే. అంతవరకు మొదటిది వేగంగా పోతూ ఎడం పెంచుతూ వచ్చింది, ఆ తర్వాతే ఎడం తగ్గడం మొదలవుతుంది. 10 సెకన్లకు రెండు వైశాల్యాలూ 100 అవుతాయి, అప్పుడు అందుకుంటుంది. స్థానం-కాలం గ్రాఫులో గీతలు కలిస్తే కలుసుకున్నట్టు, వేగం-కాలం గ్రాఫులో కలిస్తే ఆ క్షణాన వేగాలు సమానమైనట్టు. మళ్లీ అదే మాట, నిలువు అక్షం.

లిఫ్టులో ఫోను

చివరగా ఒళ్లంతా కదిలే ప్రయోగం ఒకటి. ఫోన్లలో త్వరణాన్ని కొలిచే సెన్సారు ఉంటుంది. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో దాని అంకెలను గ్రాఫుగా చూడొచ్చు. గురుత్వాన్ని కలిపి చూపించే రకం ఎంచుకుంటే, బల్ల మీద ఊరికే పడి ఉన్న ఫోను కూడా నిలువు దిశలో 9.8 దగ్గర చదును గీత చూపిస్తుంది. కదలని ఫోనుకు త్వరణమేమిటని కంగారుపడకండి, ఆ సెన్సారుకు తెలిసేది బల్ల దాన్ని పైకి ఎంత గట్టిగా మోస్తోందన్నదే, కాబట్టి 9.8నే సున్నా గీతలా భావించి దానికి పైన ఎంత, కింద ఎంత అని చదవాలి.

ఫోనును లిఫ్టు నేల మీద వెల్లకిలా పెట్టి, రికార్డింగు మొదలుపెట్టి, పై అంతస్తుకు వెళ్లండి. బయల్దేరేటప్పుడు గీత పైకి ఒక గుబ్బలా లేస్తుంది. కాసేపటికి మళ్లీ 9.8 దగ్గరికి వచ్చి చదునుగా సాగుతుంది, లిఫ్టు మాత్రం నిండు వేగంతో పైకి పోతూనే ఉంది, ఆగి ఉన్నప్పటి గీతకూ ఈ గీతకూ గ్రాఫులో తేడా లేదు. ఆగేముందు గీత కిందికి ఒక గుంటలా దిగుతుంది. గుబ్బ వైశాల్యం లెక్కగడితే లిఫ్టు అందుకున్న వేగం వస్తుంది: దాదాపు 0.8 మీ/సె² ఎత్తున 2 సెకన్లు ఉందనుకోండి, సెకనుకు 1.6 మీటర్లు. గుంట వైశాల్యం కూడా ఇంచుమించు అంతే రావాలి, సున్నా వేగం నుంచి బయల్దేరి మళ్లీ సున్నా వేగానికే చేరింది కదా.

ఇప్పుడు అదే లిఫ్టులో కిందికి రండి. ముందు గుంట వస్తుంది, ఆగేముందు గుబ్బ. రెండు రికార్డింగులనూ పక్కపక్కన పెట్టి, పైకి వెళ్లేటప్పటి చివరి గుంటనూ కిందికి వచ్చేటప్పటి మొదటి గుంటనూ మిగతాది మూసేసి ఎవరికైనా చూపించండి. ఏది పైకి పోతూ ఆగుతున్న లిఫ్టో, ఏది కిందికి బయల్దేరుతున్న లిఫ్టో వాళ్లు చెప్పలేరు, మీరూ చెప్పలేరు. రెండింటిలోనూ త్వరణం కిందివైపే, గుర్తు ఒకటే, ఒక చోట స్పీడు తగ్గుతోంది, ఇంకో చోట పెరుగుతోంది. ఏది ఏదో తేల్చాలంటే ఆ గుంటకు ముందు లిఫ్టు వేగం ఎంతో తెలియాలి, అంటే చెయ్యి తీసి ఎడమవైపున్న గ్రాఫు చూడాలి.